డిసెంబర్‌లో ఇంటిబడి: మూసేయడమా, నడపడమా, పండగనే పాఠం చేయడమా?

మా పిల్లలు బడికి వెళ్లరు, ఇంట్లోనే చదువుకుంటారు. అమ్మాయికి పదమూడు, బాబుకి తొమ్మిది. ఏడాది పొడవునా చుట్టాలు అడిగేది ఒకటే: "స్కూలుకి పంపకపోతే ఎలా అమ్మా?" డిసెంబర్ వచ్చేసరికి మాత్రం మాట మారుతుంది: "మీకేం, ఎప్పుడు కావాలంటే అప్పుడు సెలవులు!" సెలవులు ఇంకెవరో ఇస్తే హాయిగా తీసుకోవచ్చు. మనకి మనమే ఇచ్చుకోవాల్సి వచ్చినప్పుడు ఎన్ని రోజులివ్వాలో ఒక పట్టాన తేలదు. మాకు తేలడానికి మూడు డిసెంబర్లు పట్టాయి.

మాది సికింద్రాబాద్, చర్చి సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా). క్రిస్మస్ అంటే 25వ తేదీ ఒక్కరోజే అనుకునేవాళ్లకి మా నెల ఎలా ఉంటుందో చెప్పాలి. నవంబర్ చివర్లోనో డిసెంబర్ మొదట్లోనో ఆగమన కాలపు (క్రిస్మస్‌కి ఎదురుచూసే వారాల) మొదటి ఆదివారం వస్తుంది. ఆ సాయంత్రమే బాల్కనీలో నక్షత్రం వేలాడుతుంది. తర్వాత సండే స్కూల్ నాటకానికి రిహార్సల్స్, ఒకదాని వెనక ఒకటి సెమీ క్రిస్మస్‌లు (పండగకి ముందే చేసుకునే క్రిస్మస్ కూటాలు), రాత్రుళ్లు ఇంటింటికీ తిరిగి పాటలు పాడే కేరల్స్, బీరువాలు సర్దడం, బట్టలు కుట్టించడం, పిండివంటలు, 24 రాత్రి ఆరాధన, 25 పొద్దున మళ్లీ ఆరాధన, చివరికి 31 రాత్రి కొత్త ఏడాదిని ఆహ్వానించే వాచ్ నైట్ ఆరాధన. ఇందులో భిన్నాలు, భాగహారాలు ఎక్కడ ఇరికించాలి?

మొదటి ఏడాది ఏమీ ఇరికించలేదు. డిసెంబర్ 1న పుస్తకాలన్నీ అలమరలో పెట్టేసి, జనవరి 2న తెరుద్దామన్నాను. మొదటి వారం స్వర్గమే. రెండో వారానికి పొద్దున పదింటికల్లా "అమ్మా, ఏం చేయాలి?" మొదలైంది. నేను చూసుకోని విషయం ఒకటుంది. మా అపార్ట్‌మెంట్ పిల్లలంతా సాయంత్రం నాలుగింటి దాకా బడిలోనే ఉంటారు. వచ్చాకైనా కిందికి దిగుతారా అంటే, పరీక్షల రోజులైతే ట్యూషన్‌కి పోతారు. మిషనరీ స్కూళ్లలో చదివేవాళ్లకి క్రిస్మస్‌కి అయిదారు రోజులు దొరుకుతాయి. మిగతావాళ్లకి తెలంగాణలో 25, 26. అంటే మావాళ్లకి నెల రోజుల సెలవైతే ఉంది కానీ, ఆడుకోవడానికి మనుషులు లేరు.

అసలు దెబ్బ జనవరిలో తగిలింది. 2న పుస్తకాలు తీశాం. వారం తిరక్కుండానే సంక్రాంతి సెలవులు. మేం సంక్రాంతి పండగ చేయం, కానీ సెలవులు అందరివీ. తెనాలి దగ్గర మా అత్తగారి ఊరికి ఆడపడుచుల పిల్లలూ, మరిది పిల్లలూ ఏడెనిమిది మంది దిగుతారు. వాళ్లంతా చేను గట్ల మీద పరిగెడుతుంటే మావాళ్లని కూర్చోబెట్టి భాగహారం చెప్పే గుండె నాకు లేదు. మళ్లీ మూసేశాం. మొత్తం నలభై రోజులు పోయాయి. అప్పటికి అయిదేళ్లవాడు బాబు, గుణింతాలు అప్పుడప్పుడే పట్టుబడుతున్నాయి. జనవరి 20న కూర్చోబెడితే కొమ్ముకీ కొమ్ముదీర్ఘానికీ తేడా మర్చిపోయి, ఏది కనిపించినా "కు" అనేశాడు. అమ్మాయి అంత మర్చిపోలేదు గానీ, కూర్చోవడం మర్చిపోయింది. అది తిరిగి రావడానికి ఫిబ్రవరి దాకా పట్టింది.

రెండో ఏడాది తెలివి ఎక్కువైంది. ఇంటిబడి నడిపే తల్లుల్ని ఎవర్ని అడిగినా చెప్పే సలహా ఒకటుంది: పండగనే పాఠం చేసేయండి, వంటింట్లో లెక్కలు, ఆకాశంలో సైన్సు, బేత్లెహేము మ్యాపులో సోషల్. వినడానికి ఇంతకంటే చక్కని దారి లేదు. చేసి చూసినవాళ్లు దాని రెండో ముఖం ఎందుకో చెప్పరు.

అరిసెల రోజు సంగతే చూడండి. మా అత్తయ్యగారి కొలత కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. రాత్రి నానబెట్టిన బియ్యం వడేసి, తడి ఆరకుండానే పిండి పట్టించుకొచ్చాం. బెల్లం పొయ్యి మీద ఉంది. నేను అమ్మాయిని పిలిచి, "రెండున్నర కిలోల బియ్యానికి బెల్లం ఎంత పడుతుంది?" అన్నాను. అది కాగితం కోసం వెళ్లింది. పెన్సిల్ ముక్కు విరిగింది. చెక్కుకొచ్చింది. ఈలోపు అత్తయ్యగారు గిన్నెలో నీళ్లు పోసి, చుక్క పాకం వేసి ఉండ చుట్టి చూస్తూ, "ముదిరిపోతోందమ్మా, నీ లెక్క తర్వాత తేల్చుకుందువు గాని, ముందు పిండి పొయ్యమ్మా" అని కేకేశారు. పోశాం, అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ ఏడాది మా అరిసెలు పంచిన ప్రతి ఇంట్లోనూ పళ్ల గురించే మాట్లాడుకున్నారు. పద్దెనిమిది వందల డెబ్బై అయిదు గ్రాములు అని జవాబు మాత్రం సరిగ్గా వచ్చింది.

అరిసెలు పోతే పోయాయి. నన్ను ఆపింది ఇంకోటి. ఒక రాత్రి కేరల్స్‌కి వెళ్లాం. వీధి చివర్లో డోలక్ సరిచేసుకుంటున్నారు, మావాడు క్రిస్మస్ తాత వెనకే చాక్లెట్ కోసం తిరుగుతున్నాడు. పది దాటింది. తల పైకెత్తితే సరిగ్గా నెత్తి మీద పిల్లలకోడి. కృత్తికలు అని పెద్దలు చెప్పే చిన్న చుక్కల గుంపు డిసెంబర్ మధ్యలో ఆ వేళకి నడినెత్తికి వస్తుంది. అమ్మాయి భుజం తట్టి చూపించాను. అది చూసింది, నిజంగానే చూసింది, కళ్లు మెరిశాయి. వెంటనే అడిగింది: "అమ్మా, ఇది కూడా నోట్సులో రాయాలా?"

ఆ ప్రశ్నతో నాకు ఆ పద్ధతి మీద మోజు పోయింది. బడికి వెళ్లే పిల్లలకి గంట కొడితే బడి అయిపోతుంది. మా పిల్లలకి నేనే గంట. నేను వంటింట్లోనూ, చర్చిలోనూ, వీధిలోనూ టీచర్‌గానే కనిపిస్తే వాళ్లకి ఇల్లు ఎక్కడుంది? పండగని పాఠం చేయబోయి రెంటినీ చెడగొట్టాను.

అయితే ఆ ఏడాది ఒక్కటి బాగా కుదిరింది. డిసెంబర్ మొదటి వారంలో ఒక మంగళవారం మెదక్ కెథడ్రల్ (పెద్ద చర్చి) చూడటానికి వెళ్లాం. మా చర్చి మెదక్ డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే చర్చిల మండలం) కిందే వస్తుంది గనక పిల్లలు ఆ పేరు పుట్టినప్పట్నుంచీ వింటున్నారు, చూడటం మాత్రం అదే మొదటిసారి. 25న వెళ్తే జనసముద్రం. పిల్లల చెయ్యి పట్టుకుని నిలబడటమే పని అవుతుంది. ఆ మంగళవారం లోపల మేం కాక పదిమంది కూడా లేరు. రంగు అద్దాల కిటికీల్లో యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం. ఎండ వెనకనుంచి పడుతుంటే బాబు కిందనే కూర్చుండిపోయాడు. పశువుల తొట్టి దగ్గర గొర్రెలు లెక్కపెట్టాలట. చార్లెస్ పాస్నెట్ అనే మిషనరీ కరువు కాలంలో జనానికి పని ఇచ్చి, ఆ కూలితో అన్నం పెట్టి ఈ గుడి కట్టించాడని అక్కడివాళ్లు చెప్పారు. 1914లో పని మొదలైంది, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. గోపురం ఎత్తు 175 అడుగులు. తిరుగు దారిలో అమ్మాయి తనంతట తానే, "పదేళ్లు కట్టారంటే, మొదలెట్టినప్పుడు నా అంత ఉన్నవాళ్లకి అయిపోయేసరికి ఇరవయ్యేళ్లు వచ్చేసి ఉంటాయి కదమ్మా" అంది. నేనేమీ రాయమనలేదు. కారులో నా పక్కన ప్రశ్నల కాగితం ఉంది, దాన్ని మడిచి బ్యాగులో పెట్టేశాను.

ఇంటిబడికి డిసెంబర్‌లో ఉన్న అసలు లాభం ఇదేనని నాకనిపిస్తుంది. అందరూ బడిలో ఉన్న మంగళవారం మనకి ఖాళీ. దాన్ని వాడుకోవడానికి పుస్తకాలు నెలంతా మూసేయక్కర్లేదు, వంటింటికి నల్లబల్ల తగిలించక్కర్లేదు.

మూడో ఏడాది గురించి ఎక్కువ చెప్పను, తలుచుకుంటే ఇప్పటికీ మా ఆయన నవ్వుతారు. ఎప్పటిలాగే తొమ్మిది నుంచి పన్నెండు దాకా టైమ్‌టేబుల్ నడపాలని పట్టుబట్టాను. కేరల్స్ నుంచి ఇంటికి వచ్చేసరికి ఒకటిన్నర. పొద్దున తొమ్మిదింటికి ముగ్గురం ముఖాలు కడుక్కుని ఎదురెదురుగా కూర్చుని కొట్లాడుకునేవాళ్లం. పిల్లలు చదవలేక కాదు, నేను చెప్పలేక. దేవదూత రెక్కలకి జరీ కాగితం అంటించేదీ నేనే, డ్రై ఫ్రూట్స్ నానబెట్టేదీ నేనే, గొర్రెల కాపరి తలకి తువ్వాలు కట్టేదీ నేనే. బడిలో టీచర్ లీవ్ పెడితే ఇంకొకరు వస్తారు. మా బడిలో టీచర్‌కి బదులు వచ్చేవాళ్లు లేరు. 18వ తేదీకి చేతులెత్తేశాను.

ఇక మూడింట్లో ఏది మేలంటే, మా ఇంటికి మూడూ కాదు. కిందటేడు నుంచి ఇలా చేస్తున్నాం. డిసెంబర్ 1 నుంచి 20 దాకా రెండే పనులు: అరగంట లెక్కలు, అరగంట పైకి చదవడం. చదివేది ఒకరోజు తెలుగు, ఒకరోజు ఇంగ్లిష్. టిఫిన్‌కి ముందే అయిపోవాలి. కేరల్స్ మర్నాడైతే టిఫినే పదకొండింటికి. సైన్సు, సోషల్, హిందీ అలమరలోనే ఉంటాయి, ఎవరూ అడగరు. వారానికి ఒక పూట ఎక్కడికైనా వెళ్తాం, దాని మీద రాత పని ఉండదు. 21 నుంచి 27 దాకా పూర్తిగా సెలవు. తర్వాత సంక్రాంతి సెలవుల దాకా అన్ని సబ్జెక్టులూ మామూలుగా. ఆ సెలవుల్లో మళ్లీ మూసేసి తెనాలి రైలెక్కడం. మొదటి ఏడాది నలభై రోజులు పోతే, ఇప్పుడు పూర్తిగా మూసేది పదిహేను రోజులు దాటదు. పైగా రెండు విడతలూ చాలావరకు తోటి పిల్లలు ఖాళీగా ఉన్న రోజులే. కొమ్ముదీర్ఘం కూడా నిలబడింది.

లెక్కలు, చదవడం మాత్రమే ఎందుకు పట్టుకున్నానంటే, మా అనుభవంలో చేయి ఆపితే జారిపోయేవి అవే. మొక్కల భాగాలు జనవరిలో చెప్పినా మొక్కలకేం తొందర లేదు.

అందరికీ ఇదే కుదరదు. పిల్లలు ఏడేళ్ల లోపువాళ్లే అయితే నెలంతా మూసేసినా నేను పెద్దగా అడ్డు చెప్పను, రాత్రి పడుకునే ముందు కథ చదవడం మాత్రం ఆపకండి. ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి రాసేవాళ్ల సంగతి వేరు. ఎన్ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) పబ్లిక్ పరీక్షలు ఏటా ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబర్-నవంబర్‌లో ఒకసారి జరుగుతాయి. ఏప్రిల్‌లో రాయబోయేవాళ్లకి డిసెంబర్ తేలికగా వదులుకునే నెల కాదు. మా అమ్మాయికి వచ్చే ఏడాది పద్నాలుగు నిండుతాయి, పదికి కట్టడానికి కావలసిన వయసు అదే. అక్టోబర్ విడతకి కడితే ఆ డిసెంబర్ మాకు నిశ్చింత. ఏప్రిల్‌కి కడితే అరగంట లెక్కలు రెండు గంటలవుతాయి, కేరల్స్‌లో ఎన్ని రాత్రులు వెళ్లాలో ముందే తేల్చుకోవాలి. దాని గురించి ఇంట్లో ఇప్పటికే రెండు పక్షాలున్నాయి.

అమెరికాలో ఇంటిబడి నడుపుతున్న మా పిన్ని కూతురికైతే నా లెక్క అసలు పనికిరాదు. అక్కడ బడులు క్రిస్మస్ ముందు మూసి కొత్త సంవత్సరం తర్వాతే తెరుస్తారు, వీధిలో పిల్లలంతా ఆ రెండు వారాలూ ఇళ్లలోనే ఉంటారు. సంక్రాంతికేమో సెలవే లేదు. తను డిసెంబర్ చివరి రెండు వారాలూ నిక్షేపంగా మూసేస్తుంది. మూసేయాలి కూడా.

ఇక మా ఇంట్లో తెగనిది ఒక్కటే, 28 నుంచి 31 దాకా. పుస్తకాలు తెరవాల్సిందే అంటాను నేను. వాచ్ నైట్ అయ్యేదాకా పండగే అంటారు మా ఆయన. కిందటేడు 28న తెరిచాం, 29న చుట్టాలొచ్చారు, 30న మూసేశాం. ఈసారి అత్తయ్యగారు డిసెంబరంతా మా దగ్గరే ఉంటానన్నారు. ఆవిడది ఆయన పక్షమే.