"స్పీడు పెంచే సీడీ" కొంటున్నారా? జాగ్రత్త!

సికింద్రాబాద్‌లో ఒక కంప్యూటర్ షాపువాళ్లు ఎక్స్‌టర్నల్ మోడెమ్ (ఫోన్ లైన్ మీద కంప్యూటర్‌ని నెట్‌కి కలిపే బయటి పెట్టె) కొన్నవాళ్లకి "డౌన్‌లోడ్ స్పీడు పెంచే సీడీ" అంటూ ఇంకొంత డబ్బు గుంజుతున్నారు. నాకూ అంటగట్టారు. దయచేసి కొనకండి.

డెమో మాత్రం భలే ఉంటుంది. సీడీ ఎక్కించక ముందు డయల్ చేస్తే విండోస్ 95లో సెకనుకు 38,400 బిట్లు అని కనిపిస్తుంది. ఎక్కించాక 1,15,200! "చూశారా సార్, మూడు రెట్లు" అంటాడు కుర్రాడు. అది ఫోన్ లైన్ స్పీడు కానే కాదు, కంప్యూటరుకీ మోడెమ్‌కీ మధ్య ఉన్న కేబుల్ స్పీడు (పోర్టు స్పీడు). వీ.34 ప్రమాణంతో పనిచేసే మన మోడెమ్ ఎంత తన్నుకున్నా లైన్ మీద 33,600 దాటదు. ఆ కేబుల్ స్పీడు అంకెని కంట్రోల్ ప్యానెల్‌లో మోడెమ్ ప్రాపర్టీస్ తెరిచి మనమే మార్చుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

తర్వాత ఒక టెక్స్ట్ ఫైలు దించి చూపిస్తాడు. అది నిజంగానే చకచకా వస్తుంది. మోడెమ్‌లోనే ఉన్న వీ.42బిస్ కంప్రెషన్ దాన్ని కుదించేస్తుంది, కేబుల్ స్పీడు పెంచితే ఆ లాభం పూర్తిగా అందుతుంది. కానీ జిప్ ఫైలు ముందే కుదించి ఉంటుంది, ఇంకేం తగ్గుతుంది? మనం దించుకునేవి చాలావరకు జిప్‌లే కదా! వాటికి సెకనుకు మూడు, మూడున్నర కిలోబైట్లు వస్తే గొప్పే.

అసలు దెబ్బ ఇంటికొచ్చాక తగిలింది. షాపు కంప్యూటర్లో 16550 సీరియల్ చిప్ (మోడెమ్ నుంచి వచ్చే బైట్లని అందుకునేది) ఉంది, అందులో 16 బైట్లు ఆపి ఉంచుకునే బఫర్ ఉంటుంది. నాది పాత 486 కంప్యూటర్, అందులో ఉన్నది 8250 చిప్. అది ఒక్క బైటే పట్టుకోగలదు. పెంచిన స్పీడులో విండోస్ వచ్చి ఆ బైటు తీసుకునేలోపు దాని మీద ఇంకోటి వచ్చి పడుతుంది, మొదటిది గల్లంతు. షెల్ అకౌంట్ (అక్షరాలు మాత్రమే కనిపించే నెట్ అకౌంట్) నుంచి జీమోడెమ్ అనే ఫైళ్లు పంపే పద్ధతితో ఫైలు దించుతుంటే తెర నిండా సీఆర్‌సీ ఎర్రర్లే, అంటే వచ్చిన డేటా చెడిందని. ఎర్రర్ వచ్చినప్పుడల్లా వెనక్కెళ్లి మళ్లీ అక్కడి నుంచి పంపడం. సీడీ లేనప్పుడే నయం. ఈలోపు ఫోన్ కాల్ నడుస్తూనే ఉంటుంది, ఆ బిల్లు టెన్షన్ వేరే.

వాపసు అడిగితే "కవరు చించారు, కుదరదు" అన్నారు.

ఎవరైనా ఇలాంటి సీడీ చూపిస్తే టెక్స్ట్ కాదు, జిప్ ఫైలు దించి చూపించమనండి. ఇంట్లో డాస్‌లో ఎంఎస్‌డీ (MSD, కంప్యూటర్ భాగాల వివరాలు చూపే ప్రోగ్రామ్) అని కొట్టి, కామ్ పోర్ట్స్‌లో చిప్ పేరు చూసుకోండి. 8250 అని వస్తే ఆ డబ్బేదో 16550ఏ చిప్ ఉన్న సీరియల్ కార్డు మీద పెట్టండి, ఫ్లో కంట్రోల్ (డేటా ఎక్కువైతే కాసేపు ఆపమని చెప్పే ఏర్పాటు) హార్డ్‌వేర్‌కి మార్చండి. కార్డు కొనేదాకా పోర్టు స్పీడు 19,200కి తగ్గించుకుంటే కనీసం ఫైలు తెగిపోకుండా దిగుతుంది.