లాంగ్ ఐలాండ్: పడవలో వెళ్ళండి, బస్సులో తిరిగి రండి

అండమాన్ అంటే మనవాళ్ళందరికీ హ్యావ్‌లాకే. ఉద్యోగం పుణ్యమా అని ఏళ్ల తరబడి పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు అధికారికంగా శ్రీ విజయపురం) ఉంటున్నాను, చూడ్డానికొచ్చిన చుట్టాలను మాత్రం నేను లాంగ్ ఐలాండ్‌కే పంపిస్తాను. పోర్ట్ బ్లెయిర్‌కి ఉత్తరంగా ఎనభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. చిన్న ఊరు, చుట్టూ అడవి, కార్ల గోల లేదు. ఒకప్పుడు ప్లైవుడ్ మిల్లుతో సందడిగా ఉండేదట. అది మూతపడ్డాక చాలామంది వెళ్ళిపోయారు.

వెళ్ళడానికి రెండు దారులు. రెండూ బాగా వాడాను కాబట్టి చెప్తున్నా: వెళ్ళేటప్పుడు సముద్రం, వచ్చేటప్పుడు రోడ్డు.

ప్రైవేటు క్రూయిజ్‌లు ఎక్కువగా స్వరాజ్ ద్వీప్ (అదే, హ్యావ్‌లాక్), షహీద్ ద్వీప్ (నీల్) దీవులకే. ఇటు సర్కారు ఫెర్రీయే దిక్కు, అదీ రోజూ ఉండదు. ఫీనిక్స్ బే జెట్టీలో ఎక్కాలి. టికెట్లు కొద్ది రోజుల ముందే వదులుతారు, ద్వీపవాసులకు ముందు చోటు, ఛార్జీ కూడా వాళ్ళకి తక్కువ. అది న్యాయమే. మనకది విహారం, వాళ్ళకది ఆసుపత్రికీ సంతకీ వెళ్ళే బస్సు. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి.

లోపలి హాల్లో కూర్చోవద్దు. డీజిల్ వాసనకి తోడు ఎవరో ఒకరు వాంతి చేసుకుంటే ఇక మన వంతు కూడా వచ్చేస్తుంది. అల్లం ముక్క బుగ్గన పెట్టుకుని పైడెక్ మీద, వెనక వైపు నిలబడండి. కింద కోడిగుడ్ల అట్టలు, ఉల్లిపాయ బస్తాలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, ఎవరిదో కొత్త ఫ్యాను. పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ వైపు మన శ్రీకాకుళం మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి, కాబట్టి డెక్ మీద తెలుగు వినపడితే ఆశ్చర్యపోకండి. పలకరిస్తే చాలు, ఆ సీజన్లో సముద్రం ఎలా ఉందో వాళ్ళే చెప్తారు.

తిరుగు ప్రయాణానికి మాత్రం ఆ ఫెర్రీని నమ్ముకోవద్దు. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే పడవలు ఆపేస్తారు. లాంగ్ ఐలాండ్ నుంచి రంగత్ దగ్గరి యెర్రటా జెట్టీకి చిన్న పడవ ఉంది, సుమారు గంట. చివర్లో క్రీక్ (సన్నటి సముద్రపు పాయ)లోకి మలుపు తిరిగాక రెండు వైపులా మడ అడవి, వేళ్ళ మధ్య బురద. నాకైతే మొత్తం ప్రయాణంలో ఇదే ఎక్కువ నచ్చుతుంది. రంగత్ నుంచి బస్సు. బారాటాంగ్ దాకా దారి సాఫీ, హంఫ్రీ జలసంధి మీద వంతెన వచ్చాక ఒక పంటు (బస్సుల్ని నీళ్ళు దాటించే బల్లపరుపు పడవ) తప్పింది. మిడిల్ స్ట్రెయిట్ దగ్గర మాత్రం బస్సు పంటు ఎక్కాల్సిందే. అక్కడి నుంచి జిర్కాటాంగ్ వరకు జరావా అనే ఆదిమ తెగవాళ్ళ అడవి. వాహనాలన్నీ కాన్వాయ్‌గా వెళ్తాయి, ఆగకూడదు, ఫొటో తీయకూడదు. రోజంతా పడుతుంది. అయినా పడవ తప్పితే మర్నాడు బస్సు ఉంటుందన్న ధీమా ఉంటుంది. విమానానికి ముందు రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి.

దీవిలో చూడాల్సింది లాలాజీ బే బీచ్. అడవి దారిన గంటన్నర పైనే నడక. పడౌక్ చెట్ల మొదళ్ళు గోడల్లా లేచి ఉంటాయి, దారికడ్డంగా వేళ్ళు. వాన పడి ఉంటే జలగలు ఖాయం. నడవలేకపోతే జెట్టీ దగ్గర డుంగీ (చిన్న పడవ) మాట్లాడుకోండి, బేరం ముందే తేల్చుకోవాలి. డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది, గడియారం మన టైమే గానీ సూర్యుడు మనకంటే ముందుంటాడు. మూడింటికే వెనక్కి బయల్దేరండి. ఇసుక ఈగలు కుట్టినచోట గోకితే పుండవుతుంది, కాళ్ళకి కొబ్బరినూనె దట్టంగా పట్టించండి. క్రీకుల్లో, వాటి ముఖద్వారాల దగ్గర నీళ్ళలో దిగొద్దు, ఉప్పునీటి మొసళ్ళుంటాయి. గవ్వలూ పగడాలూ సంచిలో వేసుకోకండి, నేరం.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. 2020లో సముద్రగర్భ కేబుల్ ఈ దీవికీ వచ్చింది, అయినా ఆన్‌లైన్ చెల్లింపుల మీద ఆధారపడకుండా నగదు పట్టుకెళ్ళండి. అన్నం, చేపల కూర దొరుకుతాయి, అంతకు మించి ఆశించొద్దు.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో అయితే నేను వద్దంటాను. ఆటుపోట్లను బట్టి పడవ అంచు జెట్టీకి పైకో కిందకో ఉంటుంది. మధ్యలో వేసే చెక్క ఊగుతుంటే ఖలాసీ చెయ్యి పట్టుకుని దాటాలి.