షిమనామి కైదో: ఒక్కో కాలి సత్తువకు ఒక్కో దీవి

జపాన్‌లో ఒనోమిచి నుంచి ఇమాబరి దాకా, మధ్యలో ఆరు దీవులను వంతెనలతో కలుపుతూ సాగే సైకిలు దారి షిమనామి కైదో పొడవు దాదాపు 70 కిలోమీటర్లు. వెళ్లేముందు నేను చదివిన అనుభవాల్లో ఎక్కువ భాగం దీన్ని ఒక్కరోజులో ముగించినవాళ్లవే. మా జట్టు అలాంటిది కాదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ, పదేళ్ల పాప, రోజూ సైకిలు తొక్కే తమ్ముడు, నేను. తిరిగొచ్చాక గట్టిగా చెప్పగలిగేది ఒకటే: ఈ దారిని మొత్తం తొక్కాలన్న పట్టుదల వదులుకుంటే ఇది అందరిదీ అవుతుంది.

ముందు సైకిళ్ల సంగతి. దారి పొడవునా అద్దె కేంద్రాలున్నాయి. ఒకచోట తీసుకున్న మామూలు సైకిలును మరో దీవిలో అప్పగించవచ్చు. అలసిన చోట ఆగిపోయే వీలు ఇక్కడే దొరుకుతుంది. అయితే అమ్మ కోసం అడిగిన బ్యాటరీ సైకిలును తీసుకున్న చోటే తిరిగి ఇవ్వాలన్నారు. అందుకే అమ్మకు ఒకే దీవి చుట్టూ తిరిగే ప్రణాళిక వేసుకున్నాము. పిల్లల సైకిళ్లు, బ్యాటరీవి తక్కువ. మేము వెళ్లిన ఒక కేంద్రంలో పొద్దున్నే అయిపోయాయి కూడా. ముందే బుక్ చేసుకోండి.

ఒనోమిచి నుంచి మొదటి దీవి ముకైషిమాకు వంతెన ఉన్నా, సైకిళ్లతో పడవ ఎక్కడమే మంచిది. కొద్ది నిమిషాల ప్రయాణం. అవతలి గట్టు నుంచి రోడ్డు అంచున నీలిరంగు గీత కనిపిస్తుంది, దాన్ని పట్టుకుని వెళితే దారి తప్పే ప్రశ్నే లేదు. వాహనాలు మనలాగే ఎడమవైపు నడుస్తాయి కాబట్టి కొత్తగా అలవాటు చేసుకోవలసింది ఏమీ లేదు.

భయపడవలసినవి వంతెనలని అనుకున్నాను. నిజానికి వాటిపైకి ఎక్కే దారులు సైకిళ్ల కోసమే మెలికలు తిప్పి కట్టినవి, వాలు సుమారు మూడు శాతం. పాప ఒకటి రెండు చోట్ల దిగి నడిచింది, అంతే. 1983లో తెరిచిన ఇన్నోషిమా వంతెనపై కార్లు పైఅంతస్తులో పోతాయి, సైకిళ్లు కింది అంతస్తులో. ఇనుప దూలాల మధ్య నుంచి సముద్రం ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. అందం కన్నా చప్పుడే ఎక్కువ గుర్తుంది నాకు.

ఒకే ఒక్క దీవి ఎంచుకోమంటే నేను ఇకుచిజిమానే చెబుతాను. సెతోదా ఊరి నుంచి పడమటి తీరం వెంట రోడ్డు దాదాపు చదునుగా ఉంటుంది. ఒకవైపు నిమ్మతోటలు, మరోవైపు ఇసుకతీరం. అమ్మ ఇక్కడ తనంతట తాను తొక్కింది, ఎవరినీ ఆగమని అనలేదు. దీవి చివర తతారా వంతెన. 1999లో తెరిచినప్పుడు తీగల ఆధారంతో నిలిచే వంతెనల్లో ప్రపంచంలోనే పొడవైన నడిమి భాగం దీనిదే, 890 మీటర్లు. స్తంభం మొదట్లో నిలబడి చప్పట్లు కొడితే ఆ శబ్దం పైదాకా ప్రతిధ్వనిస్తూ పోతుంది. హిరోషిమా, ఎహిమే జిల్లాల సరిహద్దు కూడా ఈ వంతెన మీదే గీసి ఉంది. పాప అటో కాలు ఇటో కాలు వేసి ఎంతసేపు నిలబడిందో! సముద్రాన్ని తీరిగ్గా చూడాలంటే ఇంతకన్నా మంచి చోటు ఈ దారిలో నాకు కనిపించలేదు.

రాత్రి బస సెతోదాలోనే, కుటుంబం నడిపే చిన్న విడిదిలో. చాపల గది, వేడినీటి స్నానం, తలుపు లోపలే సైకిళ్లు పెట్టుకునే చోటు. నొప్పులతో వచ్చినవాళ్లకు ఆ స్నానమే సగం మందు. భోజనం దగ్గరే చిక్కు. శాకాహారమని చెప్పినా పులుసుల్లో చేపల రసం ఉంటుంది. అమ్మ అన్నం, పండ్లతో సరిపెట్టుకుంది. శాకాహారులు విడిదివాళ్లకు ముందుగానే వివరంగా రాయాలి, లేదా వెంట ఏదైనా తీసుకెళ్లాలి.

మర్నాడు అమ్మ, పాప సెతోదా రేవు నుంచి పడవలో ఒనోమిచికి వెళ్లిపోయారు. ఆ పడవ సైకిళ్లనూ ఎక్కించుకుంటుంది, అలసినవాళ్లకు ఇదే మేలైన దారి. తమ్ముడు, నేను ముందుకు సాగాము. తతారా వంతెన అవతలి దీవి ఒమిషిమాలో ఒయామజుమి మందిరానికి వెళ్లాలంటే ఒక మిట్ట దాటాలి. పాత యోధుల కవచాలు, కత్తులు చూడాలనే ఆసక్తి ఉంటేనే వెళ్లండి. హకతాజిమా చిన్నది, త్వరగా దాటేస్తారు. ఓషిమా మాత్రం కాళ్లను పరీక్షిస్తుంది. అక్కడి కిరోసాన్ కొండ 300 మీటర్లకు పైగా ఎత్తు, దారి నిటారు. తమ్ముడు ఎక్కాడు, నేను కింద ఆగాను. దిగాక తన ముఖం చూస్తే శ్రమ ఫలించిందని అర్థమైంది. అలవాటు లేనివాళ్లకు నేను సిఫారసు చేయను.

చివరిది కురుషిమా వంతెన, నాలుగు కిలోమీటర్లకు పైగా పొడవు. మూడు వేలాడే వంతెనలను వరసగా కలిపి కట్టారు. గాలి ఎదురైతే తొక్కడం కష్టమే, పొద్దున ఎక్కడం నయం. కింద ప్రవాహాలు సుడులు తిరగడం, వాటిని తప్పించుకుంటూ ఓడలు పోవడం పైనుంచి స్పష్టంగా కనిపిస్తుంది. ఇమాబరి వైపు నుంచి కేవలం ఈ వంతెన వరకే వచ్చి వెనక్కి వెళ్లేవాళ్లు చాలామంది. కొత్తవాళ్లకు అదీ చక్కటి రోజే. ఇమాబరిలో సైకిళ్లు అప్పగించి, ఫుకుయామా వెళ్లే బస్సు ఎక్కితే బుల్లెట్ రైలు అక్కడే దొరుకుతుంది.