రాగుల సంచి: స్టాండు పెట్టనివ్వని చోట పెద్ద ఫిల్ము కెమెరాకు ఆసరా

దీపాలు పెట్టే వేళకు గోవిందరాజస్వామి గుడి ముందరి వీధిలో మూడుకాళ్ల స్టాండు పరచడమంటే వచ్చేపోయే యాత్రికుల కాళ్లకు అడ్డం పడడమే; ఒకవేళ చోటు దొరికినా, రెండు నిమిషాలు తిరక్కుండానే ఎవరో ఒకరు వచ్చి అనుమతి ఉందా అని అడుగుతారు. చంద్రగిరి కోటలోనూ అంతే. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల దగ్గర కెమెరా చేత్తో పట్టుకుని బయటి నుంచి ఫొటో తీసుకోవడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు గాని, స్టాండు తేవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. ఈ చిక్కు తీర్చుకోవడానికి నేను ఏడాదిగా వాడుతున్నది ఒక రాగుల సంచి. తిరుపతిలో స్కూలు బ్యాగులు, చేతిసంచులు బాగుచేసే ఒక చిన్న కొట్టులో దాన్ని కుట్టించుకున్నాను. దాని మంచిచెడ్డలే ఇక్కడ రాస్తున్నాను.

నా దగ్గరున్నది మామియా ఆర్‌బీ 67. 1970లో మొదటిసారి వచ్చిన ఈ కెమెరాకు బ్యాటరీ అక్కర్లేదు, అంతా యంత్రమే. 90 మిల్లీమీటర్ల లెన్సు, ఫిల్ము పెట్టె తగిలించాక రెండున్నర కిలోలు దాటి తూగుతుంది. 120 అనే రకం ఫిల్ము రోలు మీద పది ఫ్రేములు మాత్రమే వస్తాయి కనుక, రోలు ధర తెలిసినవారెవరూ ఒక్క ఫ్రేమునైనా కదిలిన బొమ్మకు ధారపోయరు. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు షట్టరు వేగం ఫోకల్ లెంగ్తు (లెన్సు మిల్లీమీటర్ల) అంకెకు తగ్గకూడదన్న పాత లెక్క ప్రకారం దీనికి, 90కి పైమెట్టు అయిన, సెకనులో 125వ వంతు కావాలి. 400 ఐఎస్ఓ (వెలుతురును పట్టే శక్తిని చెప్పే అంకె) ఫిల్ము వేసి, లెన్సును 3.8 దాకా పూర్తిగా తెరిచినా, పొద్దుగూకాక వెలుతురు కొలిచే మీటరు సెకనులో 15వ వంతు చూపిస్తుంది. ఆ మూడు స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు) తేడాను ఎక్కడో ఒకచోట పూడ్చుకోవాలి.

సంచి కొలతలు అడుగు పొడవు, ఎనిమిది అంగుళాల వెడల్పు. ముతక కాన్వాసు గుడ్డ, ఒక పక్కన జిప్పు, మోసుకోవడానికి ఒక పట్టీ. కొలతలు చెప్పగానే కొట్టు పెద్దాయన అద్దాల మీదుగా నన్ను చూసి, "ఇది తల కింద పెట్టుకునేదానికా సార్?" అని అడిగారు. కెమెరా కింద పెట్టేదానికని చెప్పినా ఆయన పూర్తిగా నమ్మినట్టు లేదు. కుట్టుకూలి నూట ఎనభై రూపాయలు. మొదట అందులో, మన జిల్లా పంట కదా అని, వేరుశనగ విత్తులు నింపాను. అది శుద్ధ పొరపాటు. విత్తులు పెద్దవి కావడంతో కెమెరా కింద గుంట సరిగా పడలేదు, పైగా ఎండలో రెండు రోజులు తిరిగేసరికి గుడ్డ మీద నూనె మరకలు తేలాయి. ఆ తరువాత కిలోన్నర రాగులు పోశాను. రాగి గింజ సన్నగా, గుండ్రంగా, నున్నగా ఉంటుంది. ఒత్తితే ఇసుకలా జరిగి, ఒత్తిడి తీశాక ఉన్నచోటనే నిలుస్తుంది. సంచిని ముప్పాతిక వంతుకు మించి నింపకూడదు. నిండుగా పోస్తే అది దిండవుతుంది, కెమెరా దాని మీద ఊగుతుంది.

అసలు పనితనం చంద్రగిరిలో తెలిసింది. రాజమహల్ ఎదుట నడుము ఎత్తున్న ఒక గట్టు మీద సంచి పరిచి, అరచేత్తో మధ్యలో గుంట చేసి, కెమెరాను అందులో దించాను. ఆర్‌బీ 67లో పైనుంచి తల వంచి చూసే వ్యూఫైండరు ఉంటుంది కాబట్టి, నడుము ఎత్తు గోడ దీనికి అతికినట్టు సరిపోతుంది. కంటి ఎత్తు గోడ కోసం వెతుక్కోనక్కర్లేదు. అయితే దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేసేటప్పుడు తోలుతిత్తిలాంటి బెలోస్ ముందుకు సాగి, బరువంతా లెన్సు వైపు ఒరుగుతుంది. అందుకని రాగులను ముందువైపుకు ఎక్కువగా తోసి, అటు ఎత్తుగా చేసుకోవాలి. మరీ ఎత్తు చేస్తే ఉబ్బిన గుడ్డ కింది భాగంలో ఇరువైపులా ఉన్న ఫోకస్ మరలకు ఒరుసుకుని వాటిని తిరగనివ్వదు. ఈ కొలత చేతికి అలవాటు కావడానికి నాకు రెండు రోళ్లు పట్టింది.

ఈ కెమెరాలో కదలికకు ముఖ్య కారణం షట్టరు కాదు. లెన్సులోనే ఉండే ఆకుల షట్టరు చాలా మెత్తగా పనిచేస్తుంది. కుదుపంతా, వ్యూఫైండరుకు బొమ్మను చూపించి, ఫొటో తీసేటప్పుడు పైకి లేచే పెద్ద అద్దానిది. లెన్సు మీది చిన్న బొడిపెను తిప్పి, ముందుగా బాడీ మీటతో అద్దాన్ని లేపి, ఒకటి రెండు క్షణాలు ఆగి, లెన్సుకు బిగించిన కేబుల్ రిలీజుతో (కెమెరాను ముట్టుకోకుండా నొక్కే తీగ మీటతో) షట్టరు వదిలితే ఆ కుదుపు బొమ్మలోకి రాదు. ఇలా సంచి మీద సెకనులో 15వ వంతుకు తీసిన ఫ్రేములన్నీ, సెకనులో నాలుగో వంతుకు తీసినవాటిలో ఎక్కువ భాగం, నెగటివును లూపుతో (చిన్న భూతద్దంతో) చూసినప్పుడు ప్రతి గీతా స్పష్టంగా కనిపించాయి. ఒక సెకను తీసినవి మాత్రం పనికిరాలేదు. అద్దం లేపకుండా తీసినవాటిలో 15వ వంతుకే గోపురం బొమ్మల అంచులు చెదిరాయి.

లోపాలు లేకపోలేదు. పెద్దాయన వేసిన జిప్పు నాసిరకం. మూడో నెలలో, అదీ కోటలోనే, పళ్లు విడిపోయి గుప్పెడు రాగులు గట్టు మీద ఒలికాయి. నేను ఏరుకునేలోపు రెండు ఉడతలు వచ్చి సగం తినేశాయి. వానాకాలంలో తడిసిన సంచిని ఆరబెట్టకుండా బీరువాలో పెట్టినందుకు గింజ ముక్కవాసన కొట్టి, పురుగు పట్టింది. కిలోన్నర అదనపు బరువు కూడా తక్కువేమీ కాదు, కెమెరాతో కలిపి భుజం మీద నాలుగు కిలోలు వేలాడుతుంది.

గోడా, గట్టూ లేని చోట ఈ సంచి దండగ. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు తీసుకువెళ్లినప్పుడు అది సాయంత్రం దాకా భుజాన వేలాడిందే తప్ప ఒక్కసారి కూడా కిందికి దిగలేదు. వేషాలు వేసుకున్న వాళ్లు మనకోసం ఆగరు, వెనకనుంచి జనం తోస్తూనే ఉంటారు. అక్కడ నన్ను ఆదుకున్నది కెమెరా అడుగు మరకు బిగించిన చిన్న బోల్టు, దానికి కట్టిన నైలాను తాడు. తాడు రెండో కొసను చెప్పు కింద తొక్కి, కెమెరాను పైకి లాగి బిగువుగా పట్టుకుంటే పైకీ కిందికీ ఊగడం ఆగిపోతుంది. పక్కలకు ఊగడం మాత్రం ఆగదు. 60వ వంతు దాకా దాన్ని నమ్మవచ్చు. వీధిదీపాల వెలుతురుకు 400 ఫిల్మునే 1600 ఐఎస్ఓ అనుకుని లెక్కగట్టి, ఎక్కువసేపు డెవలప్ చేయించుకున్నాను. ఒంటికాలి మోనోపాడు ఇంతకంటే మెరుగే గాని, కర్ర కనిపించగానే కాపలావాళ్లకు అది స్టాండే. ఒక గుడి వాకిట నా మోనోపాడును చెప్పుల దగ్గర వదిలి రమ్మన్నారు. సంచిని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ ప్రశ్నించలేదు.

పోయిన నెల అదే కొట్టులో రెండో సంచి కుట్టించాను. ఈసారి రాగులకు లోపల వేరే మల్లుగుడ్డ సంచి, బయటి దానికి జిప్పు బదులు అంటుకునే పట్టీ వేయమన్నాను. ఎప్పుడైనా విప్పి గింజలను ఎండబెట్టుకోవచ్చు. ఫొటోలు చూపించమని పెద్దాయన అడిగితే రాజమహల్ ప్రింటు ఒకటి తీసుకెళ్లి ఇచ్చాను. దాన్ని కుట్టుమిషను పైన గోడకు అంటించుకున్నారు గాని, లోపలి సంచికి అదనంగా ముప్పై రూపాయలు తీసుకోవడం మరిచిపోలేదు.