బాధ లేని ఇన్ఫెక్షన్: మందు మింగాలా, ఊరుకోవాలా, అడగాలా?

మంట లేదు, జ్వరం లేదు, మాటిమాటికి లేచి వెళ్లవలసిన అవస్థా లేదు. మధుమేహం కోసం నేను చేయించుకునే మామూలు పరీక్షల్లో, మూత్రం కల్చర్‌లో (మూత్రంలోని సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్షలో) ఈ.కోలై అనే బాక్టీరియా పెరిగిందని తేలింది. డాక్టర్ ఏడు రోజుల యాంటీబయాటిక్ రాశారు. ఒంట్లో బాగానే ఉంటే ఇది దేనికి?

మాట్లాడకుండా మింగేయడం అన్నిటికన్నా సులువు. అయితే మూత్రంలో బాక్టీరియా ఉండటం వేరు, జబ్బు ఉండటం వేరు. మిల్లీలీటరుకు లక్ష, ఆపైన బాక్టీరియా కాలనీలు (గుంపులు) పెరిగినా బాధ ఏదీ లేకపోతే దానిని లక్షణాలు లేని బాక్టీరియూరియా అంటారు. వయసు మళ్లినవారిలో, నాలాంటి మధుమేహం ఉన్న స్త్రీలలో ఇది తరచూ కనిపించేదే. ఏళ్ల తరబడి కాథెటర్ (మూత్రం పోవడానికి పెట్టే గొట్టం) ఉన్నవారిలోనైతే లేకపోతేనే వింత. అమెరికా అంటువ్యాధుల వైద్య నిపుణుల సంఘం 2019 మార్గదర్శకాల ప్రకారం వీరెవరికీ మందు అక్కరలేదు. మూత్రంలో చీము కణాలు కనిపించినా సరే, అదొక్కటే మందుకు కారణం కాదు. వాడితే బాక్టీరియా కొన్నాళ్లు తగ్గి మళ్లీ చేరుతుంది, ఈసారి మందుకు లొంగని రకం కావచ్చు. విరేచనాలు, దద్దుర్లు అదనం.

అలాగని చీటీ చించేయడం తెలివి కాదు. గర్భిణులకు ఇదే బాక్టీరియా మూత్రపిండాల దాకా పాకే ప్రమాదం ఎక్కువ కాబట్టి వారికి మందు తప్పనిసరి. మూత్రనాళంలో రక్తం వచ్చే అవకాశమున్న శస్త్రచికిత్సకు ముందూ అంతే. ఇంకో జబ్బు అయితే లెక్కే మారిపోతుంది. లైంగిక సంబంధం ద్వారా సోకే క్లామిడియా ఏ బాధా పెట్టకుండానే స్త్రీలలో అండవాహికలను పాడు చేయగలదు. అలాగే సోకే సిఫిలిస్ ఏళ్ల తరబడి పైకి కనిపించకుండా దాగి ఉండగలదు. అక్కడ ‘నాకేమీ లేదుగా’ అనడం మొండితనమే.

నేను మూడో దారి పట్టాను, తిరిగి వెళ్లి అడిగాను. కాస్త మొహమాటంగానే ఉంది, డాక్టర్ మీద అనుమానం అనుకుంటారేమోనని. కానీ ‘మీ నిర్ణయం తప్పు’ అనడం వేరు, ‘ఈ మందు వాడకపోతే నాకు ఏమవుతుంది?’ అనడం వేరు. నమూనా సరిగ్గా పట్టానా అన్నదీ అడిగాను. మొదటి ధార వదిలేసి మధ్యలో పట్టకపోతే చర్మం మీది బాక్టీరియా కలిసి రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది. స్త్రీలలో వరసగా రెండు నమూనాల్లో అదే బాక్టీరియా కనిపిస్తేనే నిర్ధారించాలన్నది పాత నియమం.

“షుగర్ ఉంది కదమ్మా, ఎందుకైనా మంచిదని రాశాను” అన్నారు డాక్టర్. రిపోర్టు మరోసారి చూసి, చీటీలో ఆ మందు పేరు మీద గీత కొట్టారు. కింద మూడు మాటలు రాశారు: చలిజ్వరం, నడుము నొప్పి, మంట. వీటిలో ఏది వచ్చినా అదే రోజు రమ్మన్నారు.