సైకిలా, స్కూటీయా? ఇంట్లో రెండో బండి కొనేముందు

ఈ మధ్య ఏ పేరంటానికి వెళ్లినా నన్ను అడుగుతున్న ప్రశ్న ఒకటే. "సైకిల్ మీద తిరుగుతున్నావుగా వదినా, నిజంగా డబ్బు మిగులుతోందా? మేం స్కూటీ తీసుకుందామనుకుంటున్నాం, ఆగమంటావా?" 2025 దసరా ముందు మా ఇంట్లోనూ ఇదే తేలక నెల రోజులు తర్జనభర్జన పడ్డాం. చివరికి సైకిల్ కొన్నాం. ఎందుకు కొన్నామో, అది ఎవరికి సరిపడదో ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు పాలకొల్లుకి నాలుగు కిలోమీటర్లు, కాలువ గట్టు దారి. ఇంట్లో ఒక మోటార్‌సైకిల్ ఉంది. మా ఆయన పొద్దున్నే దాని మీద భీమవరం వెళ్లిపోతే మళ్లీ రాత్రికే రావడం. పాపని బడిలో దింపడం, కూరలు, మందులు, బ్యాంకు, టైలరు, మంచినీళ్ల టిన్ను అన్నీ నా వంతు. అందుకే రెండో బండి అవసరం అనిపించింది.

కొనేముందు ఒక నెలపాటు గోడ మీద కేలండర్లో ఏ రోజు ఎక్కడికి వెళ్లానో, ఎంత దూరమో ఆ తేదీ గడిలోనే రాసుకున్నాను. నెలాఖరుకి కూడితే 250 కిలోమీటర్లు తేలింది. పనుల్లో చాలావరకు మూడు కిలోమీటర్ల లోపువే. స్కూటీకి లీటరుకి 45 వస్తుందనుకుంటే నెలకి ఐదున్నర లీటర్లు. అప్పట్లో మన దగ్గర పెట్రోలు 110కి దగ్గరలో ఉండేది కాబట్టి ఖర్చు 600 రూపాయలు.

అందరూ ఈ 600 దగ్గరే ఆగిపోతారు. "ఆరొందల కోసం ఎండలో తొక్కుకుంటూ తిరగాలా?" అంటారు. దానికోసమే అయితే నేనూ తొక్కేదాన్ని కాదు. అసలు డబ్బంతా బండి కొనడంలో ఉంది.

110 సీసీ స్కూటీ ఆన్‌రోడ్ ధర లక్షకు అటూఇటూగా చెప్పారు. 20 వేలు ముందు కట్టి, 80 వేలు 11 శాతం వడ్డీకి మూడేళ్లకి తీసుకుంటే వాయిదా నెలకి 2,600 పైచిలుకు. మూడేళ్లలో కట్టేది 94 వేలు దాటుతుంది. పెట్రోలుకి 21,600, సర్వీసింగులకీ ఆయిలుకీ ఏడాదికి రెండు వేల చొప్పున ఇంకో ఆరు వేలు. ముందు కట్టిన 20 వేలూ కలిపితే లక్షా నలభై రెండు వేల దాకా తేలింది. మూడేళ్ల తర్వాత అమ్మితే 45 వేలు వస్తుందనుకున్నా, చేతి నుంచి పోయేది 97 వేలు. నా సైకిల్ బుట్ట, క్యారియర్, స్టాండుతో సహా 6,800 పడింది. పంచర్లకీ టైర్లకీ ఏడాదికి 1,200 వేసుకున్నా మూడేళ్లకి పదివేల చిల్లర. తేడా నెలకి 2,400 చొప్పున పడుతోంది. పాప పేరు మీద ఆర్‌డీ కట్టడం మొదలుపెట్టింది ఆ డబ్బుతోనే.

కాబట్టి మీ ఇంట్లో స్కూటీ ఇంకా కొనకపోతే సైకిల్‌తో మిగిలేది పెద్ద మొత్తమే. ఇప్పటికే కొనేసి, వాయిదాలు కూడా తీరిపోయి ఉంటే మిగిలేది పెట్రోలు డబ్బే. బండి వసారాలో నిలబడి ఉన్నా ఇన్సూరెన్స్ ఆగదు. 75 నుంచి 150 సీసీ లోపు బండికి థర్డ్ పార్టీ ప్రీమియమే, 2022 జూన్‌లో ఖరారు చేసిన ధర ప్రకారం, ఏడాదికి 714 రూపాయలు, పన్ను అదనం. వారాల తరబడి తీయకపోతే బ్యాటరీ దిగిపోతుంది. అలాంటివాళ్లకి నేను సైకిల్ కొనమని గట్టిగా చెప్పను. ఇంట్లో రెండు బళ్లుండి ఒకటి రోజుకి మూడు కిలోమీటర్లే తిరుగుతుంటే మాత్రం, ధర పలుకుతుండగానే దాన్ని అమ్మేసి ఆ స్థానంలో సైకిల్ పెట్టుకోమంటాను. కిరాణా కొట్టుకి, బడికి వెళ్లొచ్చే దూరంలో ఇంజను సరిగ్గా వేడెక్కదు కూడా. దగ్గర పనులకే వాడే బండి మైలేజీ ఎప్పుడూ తక్కువే ఇస్తుంది.

2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, ఇప్పుడు లాభం కాదా అని కొందరు అడిగారు. అదే రోజు సైకిళ్ల మీద కూడా 12 నుంచి 5కి తగ్గింది. పైన రాసినవి తగ్గాక మాకు చెప్పిన ధరలే.

ఇక తొక్కడం సంగతి. మన గోదావరి డెల్టా సైకిల్‌కి పుట్టినిల్లు లాంటిది. కాలువ వంతెనలు, రైల్వే గేటు దగ్గర ఫ్లైఓవరు తప్ప ఎక్కడా ఎత్తు లేదు. రావులపాలెం అరటి మార్కెట్‌కి గెలలు సైకిళ్ల మీద కట్టి తెచ్చే రైతుల్ని చూసినవాళ్లకి, సైకిల్ బరువు మోయదని చెప్పడానికి నోరు రాదు. నాకు మాత్రం మొదట భయం వేసింది నీళ్ల టిన్నుతోనే. ఇరవై లీటర్లంటే ఇరవై కిలోలు. స్కూటీలో కాళ్ల దగ్గర పెట్టేసుకుంటే అయిపోతుంది. సైకిల్ క్యారియర్ మీద పెట్టి రబ్బరు తాడుతో రెండు చుట్లు బిగించి కట్టాలి, ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలిపోతున్నట్టుంటుంది. మొదటి వారం వాటర్ ప్లాంటు నుంచి ఇంటిదాకా నడిపించుకునే వచ్చాను. తర్వాత అలవాటైంది. బియ్యం బస్తా, గ్యాస్ బండ మటుకు సైకిల్ మీద పెట్టను. అవి ఇంటికి తెచ్చిచ్చేవాళ్లున్నారు.

టైము విషయంలో స్కూటీదే పైచేయి. పాలకొల్లు బజారుకి స్కూటీ మీద పది నిమిషాలైతే నాకు ఇరవై పడుతుంది. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి మొదలైతే, దక్షిణంగా వెళ్లే దారి ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ. అందుకే ఆ వైపు పనులు పొద్దున తొమ్మిదిలోపే ముగించుకుంటాను. ఎండల్లో ఉక్కపోతకి జాకెట్టు తడిసిపోతుంది, అది తప్పదు. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపాను మన తీరం దాటిన వారమంతా సైకిల్ బయటికి తీయలేదు. ముసురు పట్టినప్పుడు స్కూటీ ఉన్నవాళ్లు కూడా ఇంట్లోనే ఉంటారు గానీ, సన్నటి జల్లులో వాళ్లు రెయిన్‌కోటు వేసుకుని వెళ్లిపోతారు. ఒక చేత్తో గొడుగు పట్టుకుని సైకిల్ తొక్కడం మాత్రం చేయకండి.

నాకు నిజంగా టెన్షన్ పెట్టేది రోడ్డు. 216 హైవే మీద రొయ్యల లారీలు, కొబ్బరి లోడ్లు, కోతల్లో ధాన్యం ట్రాక్టర్లు. నేను హైవే మీద సైకిల్ తొక్కను. రెండు కిలోమీటర్లు చుట్టైనా గట్టు దారినే వెళతాను. గట్టు మీద మళ్లీ ఒక పక్క కాలువ, రెయిలింగు ఉండదు, కాబట్టి చీకటి పడ్డాక అదీ వద్దు. మీ ఇంటి నుంచి బజారుకి హైవే తప్ప వేరే దారి లేకపోతే ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి స్కూటీ తీసుకోండి. డబ్బు తర్వాత సంపాదించుకోవచ్చు.

ఆడవాళ్లకి ఇంకొక మార్గం వచ్చింది, దాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోవడం లేదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకి టికెట్ డబ్బులు లేవు. నరసాపురం, భీమవరం లాంటి దూరాలకే కదా స్కూటీ కావాలనుకునేది? నేను సైకిల్ మీద సెంటరుదాకా వెళ్లి, తెలిసిన కొట్టు ముందు తాళం వేసి, బస్సెక్కుతాను. దూరం పనికి బస్సు ఉచితం, దగ్గర పనికి సైకిల్ ఉంది. ఈ పథకం లేకపోతే బహుశా నేనూ స్కూటీ వైపే మొగ్గేదాన్నేమో.

ఎలక్ట్రిక్ స్కూటర్ సంగతి అడుగుతారు. నా 250 కిలోమీటర్లకి పదికి లోపే యూనిట్లు, ఖర్చు 60 రూపాయలు దాటదు. కానీ కొనే ధరా వాయిదాలూ పెట్రోలు స్కూటీకి దగ్గర్లోనే ఉంటాయి కాబట్టి నా లెక్క పెద్దగా మారలేదు. సర్వీస్ ఆటో ఎప్పుడైనా ఒకసారికి బాగుంటుంది, రోజూ రెండుసార్లంటే నెలకి వెయ్యి దాటుతుంది. కారున్నవాళ్లు బజారు పనికి దాన్ని తీయకుండా ఉంటే చాలు.

స్కూటీయే కొనాల్సిన ఇళ్లు కూడా ఉన్నాయి. రోజూ ఎనిమిది, పది కిలోమీటర్ల అవతల ఉద్యోగం ఉన్నవాళ్లు, రాత్రిళ్లు ట్యూషన్ నుంచి పిల్లల్ని తేవాల్సినవాళ్లు, ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తరచూ ఆస్పత్రికి తీసుకెళ్లాల్సినవాళ్లు. మా పిన్ని కూతురు పోయిన నెలలో అడిగితే, వాళ్ల అత్తగారికి వారానికి రెండుసార్లు డయాలసిస్ అని విని, మారు మాట లేకుండా స్కూటీ కొనమన్నాను.

నలుగురూ ఏమనుకుంటారోనని ఆగిపోయేవాళ్లకి ఒక మాట. మొదట్లో నన్నూ "బండి అమ్మేశారా?" అని జాలిగా అడిగారు. ఆ ప్రశ్నకి నాకు బాధేసింది, దాచను. రెండు నెలలయ్యాక అడగడం మానేశారు. ఇప్పుడు మా వీధిలో ఇంకో ఇద్దరు తొక్కుతున్నారు. వాళ్లలో ఒకరిది, బడికెళ్లే ఆడపిల్లలకి ప్రభుత్వం సైకిళ్లిచ్చిన బడికొస్తా పథకంలో కూతురికి వచ్చి మూలన పడి ఉన్న సైకిలే. టైర్లు, ట్యూబులు మార్పించి వాడుకుంటోంది.

కొనేవాళ్లకి: మనకి గేర్లు అక్కర్లేదు, ఉంటే మరమ్మతు ఖర్చే ఎక్కువ. నిండుగా మూసే చైన్ కవరు, వెనక చక్రానికి చీర గార్డు తప్పకుండా ఉండాలి. చున్నీ చక్రంలో పడి నేను ఒకసారి గట్టు మీద పడ్డాను, అప్పటినుంచి ముడి వేసుకుని ఎక్కుతున్నాను. నీళ్ల టిన్ను పెట్టేట్టయితే పక్క స్టాండు చాలదు, డబుల్ స్టాండు వేయించుకోండి, క్యారియర్ లావు కడ్డీది అడగండి. ఇక్కడి ఉప్పుగాలికి చైను తొందరగా తుప్పు పడుతుంది, పది రోజులకోసారి కుట్టు మిషన్ ఆయిల్ నాలుగు చుక్కలు వేస్తే సరిపోతుంది. కొబ్బరినూనె ఇంట్లో ఉంది కదా అని మాత్రం వేయకండి, అది జిగురు కట్టి దుమ్మంతా పట్టేస్తుంది.