కూపన్ ఒకరిది, బిల్లు అందరిది: తగ్గింపు ఎవరికి? ఏది మేలు?

ఈ మధ్య ముగ్గురు స్నేహితులు విడివిడిగా నన్ను ఇదే అడిగారు. నలుగురం కలిసి తినడానికి వెళ్లినప్పుడు డిస్కౌంట్ కూపన్ వాడితే, తగ్గిన డబ్బు అందరికీ పంచాలా, కూపన్ తెచ్చినవాళ్లే ఉంచుకోవచ్చా? పోయిన వారం విజయనగరంలో నాకే ఆ పరిస్థితి వచ్చింది.

డిగ్రీలో కలిసి చదువుకున్న ఐదుగురం కలిశాం. ఒకడు బొబ్బిలి నుంచి, ఇంకొకడు శ్రీకాకుళం నుంచి వచ్చి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగారు. నా దగ్గర బట్టల కొట్లో ఇచ్చిన హోటల్ కూపన్ ఉంది: బిల్లు 1,500 దాటితే 20 శాతం తగ్గింపు. బిరియానీలు, అపోలో ఫిష్, కూల్‌డ్రింకులు అన్నీ కలిపి 2,000 అయింది.

లెక్క చూడండి. 400 తగ్గితే 1,600. తగ్గింపు బిల్లులోనే చూపిస్తారు కాబట్టి 5 శాతం జీఎస్టీ ఆ 1,600 మీదే పడుతుంది, అంటే 80. మొత్తం 1,680. పంచుకుంటే తలా 336. కూపన్ లేకపోతే బిల్లు 2,100 అయ్యేది, తలా 420 పడేది.

ఇప్పుడు రెండో పద్ధతి. నేను చప్పుడు చెయ్యకుండా కౌంటర్ దగ్గర కూపన్ ఇచ్చి, 1,680 కట్టి వచ్చి, ‘తలా 420 ఫోన్‌పే చెయ్యండిరా’ అన్నాననుకోండి. నలుగురి దగ్గర్నుంచి సరిగ్గా 1,680 వచ్చేస్తుంది. అంటే నా జేబులోంచి రూపాయి పోకుండా నేను తినేశాను. నా తిండి ఖర్చు ఆ నలుగురూ మోశారు, మోసినట్టు వాళ్లకి తెలియనే తెలియదు.

దీన్ని సమర్థించేవాళ్ల మాటలోనూ కొంత న్యాయం ఉంది. కూపన్ కోసం కొన్నది వాళ్లు, దాచింది వాళ్లు, గడువు గుర్తుపెట్టుకున్నది వాళ్లు. మిగతావాళ్లు ఎలాగూ 420 ఇవ్వడానికి సిద్ధపడే వచ్చారు, కాబట్టి ఎవరికీ నష్టం లేదంటారు.

నాకు మాత్రం ఆ కూపన్ మీద రాసి ఉన్న ‘1,500 దాటితే’ అన్న మాటే అన్నిటికంటే ముఖ్యం. నేనొక్కడినే వెళ్లి 1,500 రూపాయల తిండి తినగలనా? నా వాటా తిండి 400. మిగతా 1,600 వాళ్లు నలుగురూ ఆర్డర్ చేసుకున్నదే. వాళ్లు రాకపోతే ఆ కాగితం పర్సులోనే గడువు తీరిపోయేది. కూపన్ నాదే, కానీ అది పనిచేసింది ఐదుగురి వల్ల. అందుకే ఇలాంటి కూపన్‌తో తగ్గింది అందరిదీ అని నేను గట్టిగా అంటాను.

ఇంకో సంగతి కూడా ఉంది. కొన్నేళ్ల కిందట శ్రీకాకుళంలో, డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర తిన్నప్పుడు ఒక స్నేహితుడు ఇలాగే చేశాడు. టేబుల్ మీద వదిలేసిన బిల్లు కాగితం చూశాక తెలిసింది. నాకు పోయింది డెబ్బై రూపాయలు, అంతే. ‘ముందే సెప్తే ఏటైపోద్దిరా?’ అని అడగాలనిపించింది గానీ అడగలేకపోయాను. ఆ తర్వాత వాడు బిల్లు పట్టుకున్న ప్రతిసారీ నా చూపు ఆ కాగితం మీదికే పోయేది. స్నేహితుడి చేతి వైపు అలా చూడాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధే.

కూపన్ డబ్బు పెట్టి కొన్నదైతే మధ్యే మార్గం ఉంది. వంద పెట్టి కొంటే, తగ్గిన 400లోంచి ముందు ఆ వంద కొన్నవాడికి వెళ్లాలి. మిగిలిన 300 అందరూ పంచుకోవాలి. గిఫ్ట్ వోచర్ వేరు. వెయ్యి రూపాయల వోచర్ అంటే వెయ్యి రూపాయలు డబ్బుగా ఇచ్చినట్టే, అది పూర్తిగా ఇచ్చినవాడి ఖాతాలోకే లెక్కపెట్టాలి. కార్డు మీద తర్వాత వచ్చే క్యాష్‌బ్యాక్ కూడా కార్డు ఉన్నవాడిదే అని ఒప్పుకుంటాను. అక్కడ బిల్లు తగ్గదు, జీఎస్టీ కూడా 2,000 మీదే పడుతుంది. కార్డుకి ఏడాది ఫీజు కట్టేది కూడా వాడే. అయినా ‘నా కార్డు మీద కడతాను, క్యాష్‌బ్యాక్ వస్తుంది’ అని ఒక మాట చెప్పి కడితే బాగుంటుంది.

మనమే ట్రీట్ ఇస్తున్నప్పుడు కూపన్ వాడుకోవడంలో తప్పేమీ లేదు. ఆఫర్ వర్తించని ఐటెం ఎవరైనా అడిగితే వద్దనకుండా ఉంటే చాలు.

ఎప్పుడు చెప్పాలి? ఆర్డర్ ఇవ్వకముందే. బిల్లు కొట్టేశాక కూపన్ తీస్తే చాలా చోట్ల కుదరదంటారు, ఆ కారణం ఒకటి. రెండోది, 1,500 దాటించడం కోసం ఎవరికీ అక్కర్లేని ప్లేటు చెప్పించడం జరుగుతుంటుంది. ముందే తెలిస్తే తక్కువ తినేవాళ్లు ‘నాకొద్దు, కూపన్ పోతే పోనీ’ అనగలరు. మా బొబ్బిలి వాడు శాకాహారి, పన్నీర్ బిరియానీతో సరిపెట్టుకున్నాడు. తగ్గిన దాంట్లో వాడికి ఇంకో యాభై తగ్గించి మిగతా నలుగురం సర్దుకున్నాం.

టిప్పు మాత్రం 2,000 చూసి ఇచ్చాం, 1,680 చూసి కాదు. వడ్డించిన కుర్రాడు ప్లేట్లేమీ తక్కువ మోయలేదు కదా.

నా దగ్గర అలాంటి కూపన్ ఇంకొకటి ఉంది. సిరిమాను పండక్కి మళ్లీ కలుద్దామనుకున్నాం గానీ పండగ రోజుల్లో అది చెల్లదని వెనకాల రాసి ఉంది. అందుకే ఇంటిల్లిపాదితో వెళ్లమని శ్రీకాకుళం వాడి చేతిలో పెట్టి బస్సు ఎక్కించాను.